క్షేమంగా ఉంటే ఒకటి నొక్కండి

తలుపు చప్పుడయ్యేసరికి ఆపరేటరమ్మ స్టూలు మీద నిలబడి ఉంది. ఒక చేతిలో మాడిపోయిన బల్బు, ఇంకో చేతిలో కొత్త బల్బు, తలుపు తియ్యడానికి మూడో చెయ్యి లేదు కాబట్టి అక్కణ్ణించే కేక వేసింది.

"తీసే ఉంది, తొయ్యండి!"

లోపలికొచ్చినాయన చంకలో అట్ట, అట్టకి క్లిప్పు, క్లిప్పు కింద దళసరిగా ఫారాలు. మూడంతస్తులు ఎక్కొచ్చిన ఆయాసంలో ముందు మాట రాక, స్టూలునీ ఆవిడనీ మార్చి మార్చి చూసి, జేబులోంచి పెన్ను తీసి ఫారం మీద ఏదో గీశాడు.

"ఏం రాస్తున్నారు?"

"స్టూలు ఎక్కారని."

"మరి బల్బు దిగి రాదుగా బాబూ!"

ఆయన నవ్వలేదు. "ముందు దిగండి మేడమ్. మీరు బతికి ఉన్నారో లేదో చూసి రమ్మని పంపించారు నన్ను."

"చూశారుగా." ఆవిడ కొత్త బల్బు బిగించింది. "ఆ స్విచ్చి వెయ్యండి."

వేశాడు. గది మొత్తం ఒక్కసారి తెల్లగా అయింది: ఇనప మంచం, కిటికీ పక్కన బల్ల, బల్ల మీద బటన్ల సెల్‌ఫోను, గోడకి ఆనించిన ఒకే ఒక్క కుర్చీ. ఆవిడ వెనక్కి తిరిగి, గోడని పట్టుకుని, ఒక్కో కాలూ చూసుకుంటూ దిగి, ఆ కుర్చీ ఆయనకి జరిపి తను మంచం మీద కూర్చుంది.

"రోజూ పొద్దున తొమ్మిదింటికి వార్డు ఆఫీసు నించి ఫోనొస్తోందా?" ఫారాలాయన అడిగాడు.

"వస్తోంది."

"ఎత్తుతున్నారా?"

"ఎత్తకేం."

"క్షేమంగా ఉంటే ఒకటి నొక్కండి అంటుంది. నొక్కుతున్నారా?"

"నొక్కుతున్నా. మళ్ళీ అదే అడుగుతుంది. మళ్ళీ నొక్కుతా. మళ్ళీ అడుగుతుంది. పాపం దానికి చెవుడేమో అనుకున్నా."

ఆయన నుదురు రుద్దుకున్నాడు. "ఒకటి నొక్కి, ఎర్ర బటన్ నొక్కి, ఫోన్ పెట్టెయ్యమని కూడా చెబుతుంది కదండీ. మీరు పెట్టేస్తున్నారా?"

"నేనెందుకు పెట్టేస్తాను?" ఆపరేటరమ్మ నిజంగానే ఆశ్చర్యపోయింది. "ఫోన్ చేసింది వాళ్ళు. చేసినవాళ్ళు ముందు పెట్టెయ్యాలి. ముప్ఫై ఒక్కేళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో బోర్డు ముందు కూర్చున్నాను. ఇటువైపు దీపం, అటువైపు దీపం, ఇద్దరూ పెట్టేసి రెండూ వెలిగితేనే తీగ లాగాలి. అవతల మనిషి లైన్‌లో ఉండగా తీగ లాగితే మా సూపర్‌వైజరు చెవి పట్టుకుని నిలబెట్టేది."

"అవతల మనిషి లేడు మేడమ్. అది మిషను."

"అది నాకు మొదటిరోజే తెలిసింది. మిషనైతే మాత్రం? మర్యాద మర్యాదే కదా."

పోయిన నెల దాకా ఆఫీసు నించి ఒక అమ్మాయి ఫోన్ చేసేది. గొంతు కొంచెం కీచుగా ఉండేది, ఎప్పుడూ జలుబు. క్షేమమేనా అని అడిగి, తన పంటినొప్పి గురించి రెండు నిమిషాలు చెప్పుకుని, ఉంటానండీ అని తనే పెట్టేసేది. ఆ రెండు నిమిషాల కోసం ఆపరేటరమ్మ ఎనిమిదిన్నరకే తల దువ్వుకుని కూర్చునేది. ఒకటో తారీకు నించి ఆ అమ్మాయి లేదు, నున్నటి గొంతు ఒకటి వచ్చింది. దానికి జలుబూ లేదు, పన్నూ లేదు.

"పెట్టెయ్యకపోతే సమాధానం రానట్టే లెక్క," ఫారాలాయన అట్టని ఒళ్ళో పెట్టుకుని చెప్పాడు. "మొన్న ఆదివారం ఎరుపు, నిన్న సోమవారం ఎరుపు, ఇవాళా ఎరుపే. మూడు ఎరుపులైతే కమిటీకి వెళ్తుంది. ఈ శుక్రవారం పదింటికి వార్డు ఆఫీసుకి రావాలి. మీరు ఒంటరిగా ఉండగలరా లేదా అని వాళ్ళు చూస్తారు. లేదంటే... ముసలివాళ్ళ హోముకి పంపుతారు. మంచిదేనండీ హోము. మీ మేనల్లుడి నెంబరు ఇచ్చారు కదా, ఆయనకీ చెప్పాం."

కింద వీధిలో వ్యాను హారన్ కొట్టింది. ఆయన అట్ట ఎత్తి కాగితాలు సర్దుకుంటుంటే పై కాగితం ఆపరేటరమ్మకి కనిపించింది. ఈ బిల్డింగులో ఒంటరిగా ఉండేవాళ్ళు ముగ్గురు, మూడు వరసలు. ఆవిడ వరసలో ఎర్ర చుక్కలు. ఒకటో అంతస్తు బస్సాయన వరస నిండా ఆకుపచ్చ చుక్కలే, ఇవాళ్టితో సహా.

"ఈయన బాగున్నాడా?"

"బస్సు డ్రైవరుగా చేసినాయనే కదా? బ్రహ్మాండంగా ఉన్నారు. ఒక్కరోజు కూడా తప్పలేదు."

ఫారాలాయన మెట్లు దిగిపోయాడు. ఆపరేటరమ్మ మాడిపోయిన బల్బు చేతిలో పట్టుకుని అలాగే కూర్చుంది. బస్సాయన పొద్దున్నే దగ్గుతాడు. ఆ దగ్గు రెండంతస్తులు దాటి ఆవిడ మంచం దాకా వస్తుంది, పంప్ మోటారు కన్నా ముందు. అది విని నాలుగు రోజులైంది.

బస్సాయన తలుపు ఎంత కొట్టినా తియ్యలేదు. "ఎవరూ?" అన్న మాట మాత్రం వచ్చింది. ఆ మాటకి ముందు చాలాసేపు ఊపిరి వినిపించింది. ముప్ఫై ఒక్కేళ్ళు చెవులకి హెడ్‌ఫోన్ తగిలించుకున్న మనిషికి మాట కన్నా దాని ముందుండే గాలే ఎక్కువ చెబుతుంది. ఆవిడ వాచ్‌మన్‌ని పిలిచి, రెండో తాళంచెవితో తలుపు తీయించింది.

మంచం మీద దుప్పట్లో చుట్టుకుని ఉన్నాడు. మీసాలు తప్ప మొహంలో ఏమీ మిగల్లేదు. ఛాతీ మీద సెల్‌ఫోను, మంచం కింద ఖాళీ నీళ్ళ సీసాలు రెండు. నుదుటి మీద చెయ్యి వేస్తే చురుక్కుమంది.

"ఎన్నాళ్ళ నించి?"

"మీరెందుకొచ్చారు ఇక్కడికి?"

"టికెట్ తీసుకోడానికి. ఎన్నాళ్ళ నించి అంటే చెప్పరేం?"

"శనివారం." బస్సాయన కళ్ళు మూసుకున్నాడు. "తగ్గిపోతుంది లెండి."

"పొద్దున ఆ మిషను అడిగితే ఒకటి నొక్కారా?"

"నొక్కాను."

"ఈ ఒంటితోనా!"

"నొక్కడానికి వేలు చాలు కదండీ. వేలు బాగానే ఉంది." ఆయన నవ్వబోయి దగ్గాడు, చాలా చిన్న దగ్గు. "రెండు నొక్కితే వ్యాను వస్తుంది. వ్యానుతోపాటు ఫారం వస్తుంది. బస్సు నడుపుతూ ఒక్క గీత పడకుండా రిటైరయ్యాను నేను, ఇప్పుడు జ్వరం వచ్చిందని నా మీద ఫారం రాయిస్తానా? మీరు మాత్రం రెండు నొక్కుతారేంటి?"

ఆపరేటరమ్మకి కోపం వచ్చింది. ఆయన మీద కాదు, ఎవరి మీదో తెలీక ఆ కోపం వంటింట్లోకి పట్టుకెళ్ళి గిన్నెలు గట్టిగా కడిగింది. పాలు కాచి, రొట్టె ముక్కలు నానబెట్టి తినిపించి, వీధి చివర డాక్టరుని రప్పించింది. డాక్టరు ఇంకో రెండు రోజులు ఇలాగే వదిలేసుంటే ఆసుపత్రే అని చెప్పి మందులు రాసిచ్చి వెళ్ళాడు.

"మీకు తెలిసినవాళ్ళు ఇంకా ఎంతమంది ఉన్నారు ఈ లిస్టులో?" మందు బిళ్ళ అరచేతిలో పెడుతూ అడిగింది.

"ఎందుకు?"

"ఊరికే."

బస్సాయన ఫోన్‌లో వెతికి వెతికి చెప్పాడు. ఎప్పుడో ఒకే బస్సులో రోజూ ఎక్కి దిగినవాళ్ళు, పార్కు బెంచీ మీద కలిసినవాళ్ళు, ఆ బెంచీకి కూడా రావడం మానేసినవాళ్ళు. తొమ్మిది నెంబర్లు. పేర్లకి బదులు గుర్తులు: టోపీ, భూతద్దం, తాళాలాయన, డ్రిల్లు టీచరు. "ఈ డ్రిల్లు టీచరుతో మాత్రం జాగ్రత్త," అన్నాడు. "రిటైరై పదిహేనేళ్ళయినా విజిల్ మెళ్ళోంచి తియ్యలేదు."

బుధవారం తొమ్మిదింటికి ఫోన్ మోగింది. "నమస్కారం. మీరు క్షేమంగా ఉంటే ఒకటి నొక్కి..."

ఆపరేటరమ్మ బొటనవేలు ఒకటి మీద పెట్టింది. నొక్కి, పెట్టేస్తే, ఆకుపచ్చ. శుక్రవారం కమిటీ ముందు నాకిప్పుడు పద్ధతి తెలిసిందండీ అని చెప్పుకోవచ్చు. ఆ బొటనవేలు కిందే బస్సాయన ఛాతీ మీద పైకీ కిందకీ ఊగిన ఫోను కనిపించింది ఆవిడకి. వేలు తీసేసింది.

"చెప్పను," అంది మిషనుతో. "నీకు చెప్పను. నువ్వు వినవు."

అది మూడుసార్లు అడిగి దానంతటదే ఆగిపోయింది. నాలుగో ఎరుపు.

అప్పుడు ఆవిడ కుర్చీ బల్ల దగ్గరికి లాక్కుని, నిటారుగా కూర్చుని, గీతల పుస్తకం తెరిచి స్కేలుతో గళ్ళు కొట్టింది. టైము, నెంబరు, ఎవరు, ఎంతసేపు. ఆఖరి గడికి పేరు పెట్టలేదు, వెడల్పుగా మాత్రం వదిలింది. గొంతు ఒకసారి సవరించుకుని మొదటి నెంబరు నొక్కింది.

ఒక్క నియమం పెట్టుకుంది, బాగున్నారా అని అడక్కూడదు. అడిగితే బాగున్నాను అంటారు, అది ఒకటి నొక్కడం లాంటిదే. టోపీ ఆయన్ని, మీ కిటికీలోంచి ఇప్పుడేం కనిపిస్తోంది అని అడిగింది. ఆయన, కిటికీ దాకా వెళ్ళడానికి మోకాలు రావట్లేదమ్మా అన్నాడు. భూతద్దం ఆవిడని, నిన్న రాత్రికి ఏం వండుకున్నారని అడిగింది. వండి పది రోజులైందట, స్టవ్ గొట్టం లీకవుతోందని భయమేసి ఆపేసి చల్లటి రొట్టె తింటోందట. తాళాలు బాగుచేసే ఆయనకి ఆవిడ అడగనే అక్కర్లేకపోయింది. హలో అనగానే ఆయన మొదలెట్టి పన్నెండు నిమిషాలు ఆపలేదు. ఆఖర్న నేను ఎవరితోనైనా మాట్లాడి ఎన్నాళ్ళయిందో తెలుసా అని తనే అడిగి, తనే లెక్కపెట్టుకుని, చెప్పకుండా ఊరుకున్నాడు. ఆవిడ ఆఖరి గడిలో 'మాట్లాడాలి' అని రాసుకుంది.

ఎనిమిదో నెంబరు డ్రిల్లు టీచరుది.

"హలో, నమస్కారమండీ, నేను ఎక్స్ఛేంజీలో పనిచేసిన..."

"ఓటీపీ చెప్పను!"

"అయ్యో, ఓటీపీ కాదండీ..."

"అకౌంటు నెంబరు కూడా చెప్పను! నాకు లాటరీ తగల్లేదు, నా కార్డు బ్లాక్ అవ్వలేదు, నా కొడుకుని పోలీసులు పట్టుకోలేదు, ఎందుకంటే నాకు కొడుకే లేడు! గొంతు చూస్తే ముసలిదానిలా ఉన్నావు, ఈ వయసులో ఇదేం పాడుబుద్ధి?"

"మీ కిటికీలోంచి..."

"నా కిటికీ నీకెందుకే!" అని టప్పున పెట్టేసింది.

ఆపరేటరమ్మ ఆ గడిలో 'ఊపిరి బలంగా ఉంది' అని రాసి, ఆ రోజు మొదటిసారి పకపకా నవ్వింది.

గురువారం మళ్ళీ ఫోన్ చేసింది. స్టవ్ గొట్టానికి వాచ్‌మన్‌ తమ్ముణ్ణి పంపింది. టోపీ ఆయనకి తాళాలాయన నెంబరిచ్చి, తాళాలాయనకి టోపీ ఆయన నెంబరిచ్చి, ఇద్దరూ మాట్లాడుకోండి అంది. వాళ్ళిద్దరూ ఎంతసేపు మాట్లాడుకున్నారంటే మధ్యాహ్నం ఎప్పుడు చేసినా ఎంగేజే. డ్రిల్లు టీచరు ఈసారి పోలీసుల పేరెత్తింది, కాని పెట్టెయ్యలేదు. నువ్వు ఎక్స్ఛేంజీలో పనిచేసిందే నిజమైతే ట్రంక్ కాల్ ఎలా కలిపేవారో చెప్పు అని నిలదీసింది. ఆపరేటరమ్మ చీటీ రాయడం, తీగ గుచ్చడం, మీట లాగడం అన్నీ పూసగుచ్చినట్టు చెప్పింది. "సరే," అంది డ్రిల్లు టీచరు చివరికి. "నమ్మాననుకోకు. రేపు ఎన్నింటికి చేస్తావు?"

"తొమ్మిదిన్నరకి."

"తొమ్మిదిన్నరంటే తొమ్మిదిన్నర."

సాయంత్రం మేనల్లుడు వచ్చాడు. చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోనే మొదలెట్టాడు.

"నిన్న నాలుగోది, ఇవాళ ఐదోదట! కావాలనే నొక్కలేదా అత్తా నువ్వు?"

"కావాలనే."

"ఒక్క ఎర్ర బటన్‌తో పోయేదానికి ఎందుకీ మొండితనం! రేపు వాళ్ళ ముందు తప్పయిపోయింది, ఇకనించి నొక్కుతాను అను. అయిపోతుంది. లేదంటే హోము. నిజానికి అదీ మంచిదే అత్తా, నలుగురూ ఉంటారు."

"నలుగురూ ఉంటారు. తలుపుకి లోపల గడియ ఉండదు."

"గడియ వేసుకుని నువ్వు చేసేదేముంది?"

"తియ్యడం," అంది ఆవిడ. "ఎవరైనా వస్తే నేను లేచెళ్ళి తియ్యడం. టీ తాగుతావా?"

తాగలేదు. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, బల్ల మీద గీతల పుస్తకం చూసి, ఇదేంటి అని అడగబోయి, ఫోన్ మోగడంతో మాట్లాడుకుంటూ దిగిపోయాడు. చెడ్డవాడు కాదు. ఎప్పుడూ ఎవరో ఒకరు ఫోన్ చేస్తూనే ఉంటారు వాడికి.

వార్డు ఆఫీసులో కమిటీ అంటే ఒక బల్ల, బల్లకి అటువైపు ఒక ఆఫీసరమ్మ, ఆవిడ పక్కన ఫారాలాయన. ఇటువైపు రెండు ప్లాస్టిక్ కుర్చీలు, ఒకదాంట్లో మేనల్లుడు. పదింటికి రమ్మంటే ఆపరేటరమ్మ ఎనిమిదిన్నరకే వచ్చి కూర్చుంది, వాళ్ళు పదికి గాని పిలవలేదు. బయట వరండాలో ఫ్యాన్ల రొదలో ఎవరికీ ఫోన్ చెయ్యడానికి వీలు పడలేదు.

ఆఫీసరమ్మ తారీకు అడిగింది, వారం అడిగింది, వందలోంచి ఏడు తీసెయ్యమంది. ఆపరేటరమ్మ తొంభై మూడు దగ్గర ఆగకుండా ఎనభై ఆరు, డెబ్బై తొమ్మిది అంటూ రెండు దాకా దిగిపోయింది.

"బుర్ర బాగానే ఉంది," ఆఫీసరమ్మ కంప్యూటరు తెర వైపు చూస్తూ అంది. "మరి ఇన్ని ఎరుపులేంటమ్మా? మొదటి మూడూ తెలీక. నేనర్థం చేసుకోగలను. తరవాతవి?"

"తెలిసి."

మేనల్లుడు తల పట్టుకున్నాడు.

"మీ లిస్టులో ఒకటో అంతస్తు బస్సు డ్రైవరు గారు ఉన్నారు, చూడండి. శనివారం నించి రంగేంటి?"

ఆఫీసరమ్మ చూసింది. "ఆకుపచ్చ."

"నూటనాలుగు జ్వరంతో మంచంలో ఉన్నాడు. అడగండి డాక్టర్ని." ఆపరేటరమ్మ చేతిసంచీలోంచి గీతల పుస్తకం తీసి బల్ల మీద తెరిచింది. "ఈయన టోపీ పెట్టుకుంటాడు. కిటికీ దాకా నడవలేడు. రంగు? ఆవిడ పది రోజులు పొయ్యి వెలిగించలేదు. రంగు? ఈయన మనిషి గొంతు వినక ఎన్నాళ్ళయిందో పైకి చెప్పడానికి సిగ్గుపడ్డాడు. చూడండి, అందరూ పచ్చగా ఉంటారు. రెండు నొక్కితే మీరు ఫారం పట్టుకుని వస్తారని భయం. నొక్కే వేలుకి జ్వరం లేదు కదా! మీ మొత్తం లిస్టులో అబద్ధం చెప్పనిది నేనొక్కదాన్ని, నన్ను పిలిపించి వందలోంచి ఏడు తియ్యమంటున్నారు."

ఫారాలాయన ఆఫీసరమ్మ పక్కనించి వంగి తెర చూశాడు. నెంబర్లు ఒక్కొక్కటే పోల్చుకున్నాడు. అన్నీ పచ్చగానే ఉన్నాయి.

"ఇవి విడిగా చూస్తాం," ఆఫీసరమ్మ గొంతు తగ్గించింది. "మీ సంగతి తేల్చనివ్వండి. ఇదిగో, ఇకనించి రోజూ సరిగ్గా సమాధానమిస్తాను అని సంతకం పెట్టండి. ఇంటికెళ్ళిపోవచ్చు."

మేనల్లుడు పెన్ను తీసి మూత కూడా విప్పి అందించాడు. "పెట్టెయ్ అత్తా."

ఆవిడ పెన్ను తీసుకుంది. కాగితం మొత్తం చదివింది, వెనకవైపు కూడా. పెన్నుకి మూత పెట్టేసింది.

"నా పేరు లిస్టులోంచి కొట్టెయ్యండి."

"అలా కుదరదమ్మా."

"ఎందుకు కుదరదు? వెనకాల ఉంది. ఆరో నెంబరు."

ఆరో నెంబరు ఫారాలాయన చదవాల్సి వచ్చింది. రోజూ పలకరించే బాధ్యత వేరొకరు తీసుకుంటే పేరు తొలగించవచ్చు. కింద ఒక గడి, పేరు, ఫోన్ నెంబరు.

"రోజూ," ఆఫీసరమ్మ నొక్కి పలికి మేనల్లుడి వైపు చూసింది. "ఆదివారాలు కూడా. ఒక్కరోజు తప్పినా బాధ్యత ఆ మనిషిదే. మీరు చేస్తారా?"

మేనల్లుడు చేస్తాను అని అనేవాడే, కాని అబద్ధాల గురించి ఇప్పుడే అంత విన్నాక ఆ మాట అనలేకపోయాడు. నేల చూశాడు. ఆపరేటరమ్మ వాడి మోచెయ్యి తట్టింది. "నువ్వు కాదులేరా. నీకు కుదరదు, నాకు తెలుసు."

"మరి ఎవరమ్మా?" ఆఫీసరమ్మ అడిగింది. "మీరు అందరికీ చేస్తున్నారు, సరే. మీకెవరు చేస్తారు?"

తొమ్మిది నెంబర్ల పుస్తకంలో ఎక్కడా ఆపరేటరమ్మ పేరు లేదు, రాసుకోవాలని తోచనే లేదు. బస్సాయనా? ఇంకా మంచం దిగలేదు, ఫారమంటే వణుకు. తాళాలాయన నిన్ననే నోరు విప్పాడు. ఆఫీసరమ్మ పెన్ను గడి మీద ఆగి ఉంది. ఒక్కసారి గడి ఖాళీ అని రాస్తే తరవాత వచ్చేది హోము కాగితమే.

చేతిసంచీలో ఫోన్ మోగింది.

ఆవిడ తీసింది. ఆకుపచ్చ బటన్ నొక్కీ నొక్కకముందే అవతలి గొంతు గది మొత్తానికి వినిపించింది.

"టైమెంతయింది? తొమ్మిదిన్నర అన్నావా లేదా? పది దాటి ఇరవై నిమిషాలు! పడ్డావా? పోయావా? ఫోన్ చేస్తానన్న మనిషివి చెయ్యాలా వద్దా?"

ఆపరేటరమ్మ ఫోన్ చెవికి పెట్టుకోలేదు. చెయ్యి చాచి బల్ల మీదుగా ఆఫీసరమ్మకి అందించింది. ఏం చెయ్యాలో తెలీక ఆవిడ అందుకుంది.

"హలో, నేను వార్డు ఆఫీసు నించి..."

"నువ్వెవరు? ఆవిడ ఫోన్ నీ దగ్గరెందుకుంది? ఏం చేశావు ఆవిణ్ణి?"

"అమ్మా, కంగారు పడకండి, ఆవిడ ఇక్కడే ఉన్నారు. నా ఎదురుగా కూర్చున్నారు."

"ఎలా ఉంది?"

ఆఫీసరమ్మ తల ఎత్తి ఎదురుగా ఉన్న మనిషిని చూసింది. నిటారు వీపు, ఒళ్ళో పుస్తకం, గడ్డం కొంచెం పైకి.

"బాగున్నారండీ," అంది. "క్షేమంగా ఉన్నారు."

"నువ్వు చెబితే నేనెందుకు నమ్మాలి? అందరూ అలాగే చెబుతారు! ఆవిడకివ్వు. ఆవిడ గొంతు విన్నదాకా నేను పెట్టను!"

ఫారాలాయన ఉన్నట్టుండి దగ్గాడో నవ్వాడో, మొహం పక్కకి తిప్పుకున్నాడు. ఆఫీసరమ్మ ఫోన్ వెనక్కి అందించింది. ఆపరేటరమ్మ అందుకోలేదు. బల్ల మీది కాగితం ఆఫీసరమ్మ వైపుకి తిప్పి, ఖాళీ గడి మీద వేలు పెట్టి చూపించింది.

"ముందు నెంబరు ఎక్కించుకోండి మేడమ్," అంది. "ఫోన్ తెర మీద పడే ఉంటుంది. త్వరగా, ఆవిడకి అసలే కోపం."